విమానాల ఎగ్జిబిషన్‌లో మెకానిక్‌కి కుర్చీ ఎక్కడ?

సంక్రాంతి సెలవులకి గుంటూరు వచ్చిన మా మేనల్లుడు కనుమ మర్నాడు ఫోన్ చేశాడు. వాడు చెన్నైలో విమానాల మెయింటెనెన్స్ నేర్పే ఏ.ఎం.ఈ. కోర్సు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. "మావయ్యా, నెలాఖర్లో హైదరాబాద్ బేగంపేటలో వింగ్స్ ఇండియా విమానాల ఎగ్జిబిషన్ ఉంది కదా, మా బ్యాచ్‌లో నలుగురం వెళ్దామనుకుంటున్నాం. మా సార్ మాత్రం అక్కడ మీకేం పని, విమానాలు కొంటారా అమ్ముతారా, మిగిలిన మాడ్యూల్స్ చదువుకోండి అంటున్నారు. నువ్వేమంటావు?" అన్నాడు.

వెళ్ళమన్నాను. ఫోన్ పెట్టేశాక ఎందుకు వెళ్ళమన్నానా అని ఆలోచనలో పడ్డాను, ఎందుకంటే వాళ్ళ సార్ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. లైసెన్సు కోసం రాసే ఒక్కో మాడ్యూల్ పరీక్షలో నూటికి 75 రావాలి, 74 వస్తే ఫెయిలే. వీడికింకా రెండు మిగిలాయి. రైలు ఖర్చు, రెండు రోజుల తిండి ఖర్చు, పైగా చదువు పోతుంది. ఇంత పెట్టుకుని వెళ్తే చేతికొచ్చేది ఏమిటంటే ఒక సంచీడు బ్రోషర్లు, పది ఫోటోలు అని ఎవరైనా అంటే కాదనలేను.

నేను ఈ పనిలోకి వచ్చి పదకొండేళ్ళయింది. టర్బైన్ ఇంజన్ల విమానాల మెకానికల్ పనికి ఇచ్చే బి1.1 లైసెన్సు, ఎక్కువగా రాత్రి షిఫ్టులు. ఇన్నేళ్ళలో మూడు ఎగ్జిబిషన్లు చూశాను, రెండు సొంత సెలవు పెట్టుకుని, ఒకటి కంపెనీ పంపితే. మూడింట్లోనూ నాకు అనిపించింది ఒకటే. విమానాల మెయింటెనెన్స్ గురించి అక్కడ చాలా మాట్లాడతారు గాని మెయింటెనెన్స్ చేసేవాడికి అక్కడ నిలబడడానికి చోటుండదు. అయినా సరే వెళ్ళాలనే అంటాను. ఈ రెండు మాటలూ నాలో ఎలా కలిసి ఉన్నాయో వాడికి ఫోన్లో చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాన్నతో వెళ్ళిన రోజు

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపుల షాపు ఉండేది. లారీల పంపులు విప్పి, బాగుచేసి, టెస్టింగ్ బెంచి మీద పెట్టి, ఒక్కో లైనులో ఎంత డీజిల్ పడుతోందో గాజు గొట్టాల్లో కొలిచి అన్నీ సమానం చేసే పని. ముప్ఫై ఏళ్ళు చేశాడు. క్యాలిబ్రేషన్ అనే మాట నేను విమానాలు బాగుచేసే హ్యాంగర్లో నేర్చుకోలేదు, చిన్నప్పుడే నాన్న షాపు బోర్డు మీద చదివాను.

షాపు ఇచ్చేశాక ఇంట్లో ఊరికే కూర్చోలేక పొద్దున్నే సైకిలేసుకుని ఆటోనగర్ వెళ్ళి తెలిసినవాళ్ళ షెడ్లలో కాసేపు గడిపి వచ్చేవాడు. నువ్వు పనిచేసే విమానం ఒక్కసారి దగ్గరగా చూపించరా అని నన్ను చాలాసార్లు అడిగాడు. హ్యాంగర్లోకి ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళడం కుదరదు. అందుకని నాలుగేళ్ళ క్రితం వేరే రాష్ట్రంలో జరిగిన ఒక పెద్ద ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళాను. దాని పేరు ఇక్కడ అనవసరం.

లోపలికెళ్ళిన గంటలోనే నాన్న విమానాలు చూడడం మానేసి బోల్టుల్ని కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచీలు పెట్టిన ఒక స్టాల్ దగ్గర ఆగిపోయాడు. ఒక రెంచీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, అక్కడున్న కుర్రాణ్ణి అడిగాడు: "బాబూ, క్యాలిబ్రేషన్ చేయించిన మర్నాడే ఇది చేతిలోంచి జారి కింద పడిందనుకో, లోపల లెక్క తప్పిందని ఎట్టా తెలుస్తుంది?" నేను ఇంగ్లీషులో చెప్పాను. మా పనిలో దీనికంటే అసలైన ప్రశ్న లేదు. కింద పడిన టార్క్ రెంచీని పక్కన పెట్టేసి మళ్ళీ క్యాలిబ్రేషన్‌కి పంపాలి. అది పడిందని పడేసినవాడు నోరు విప్పి చెబితేనే అది జరుగుతుంది, రాత్రి రెండింటికి చీకట్లో ఒక్కడే ఉన్నప్పుడు పడితే ఆ చెప్పడం అతని మనస్సాక్షి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సమస్యకి సాధనంలోనే ఏదైనా ఉపాయం ఉందా అని నాన్న అడుగుతున్నాడు.

కుర్రాడు నా మెడలో కార్డు చూశాడు. "పర్చేజ్ డిపార్ట్‌మెంటా సార్? ఎన్ని పీసులు చూస్తున్నారు?" అన్నాడు. మెయింటెనెన్స్‌లో పనిచేస్తానని చెప్పాను. ఒక బ్రోషర్ చేతిలో పెట్టి మా వెనకాల నిలబడిన పెద్దమనిషి వైపు తిరిగాడు. నాన్న రెంచీని ఎక్కడ తీశాడో అక్కడే, అదే వైపుకి పెట్టి వచ్చేశాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు, అతనికి అప్పగించిన పని అమ్మడం, మేం కొనేవాళ్ళం కాదు. కానీ ఆ రెంచీని రేపు రోజూ పట్టుకునేది నాలాంటివాడే కదా, వాడి ప్రశ్నకి జవాబు చెప్పగలిగే మనిషిని ఒక్కణ్ణి ఆ స్టాల్లో పెట్టడం అంత కష్టమా అనిపించింది.

మధ్యాహ్నం భోజనాల వైపు వెళ్తుంటే, హాలు చివర ఒక చిన్న స్టాల్ కనిపించింది. అరవై దాటిన పెద్దాయన, వెనకటి మెకానిక్, ఒక ఇనుప దిమ్మకి నాలుగు బోల్టులు బిగించి, పక్కన లాక్ వైరు చుట్ట, ప్లయర్లు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు రెండు కుర్చీలు. "కూర్చుని కట్టండి" అన్నాడు. బోల్టు తలలో ఉన్న చిల్లులోంచి సన్నటి తీగ దూర్చి, మెలేసి, పక్క బోల్టుకి కట్టడం. ఒక బోల్టు వదులవ్వాలని చూస్తే ఆ తీగ దాన్ని బిగుసుకునే వైపే లాగి పట్టాలి. చదువుకునే రోజుల్లో వేళ్ళు కోసుకుపోయేలా నేర్చుకునే పని ఇది.

నేను కట్టాను. అప్పటికి ఏడేళ్ళ అనుభవం. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, మెలికలు అంగుళానికి ఏడు పడ్డాయి బాగానే ఉంది, లాగుడు సరైన వైపే ఉంది, చివర కూడా బాగానే వంచావు అని, ఒకచోట గోటితో చూపించాడు. ప్లయర్ పళ్ళు పట్టిన చోట తీగ మీద సన్నటి గాటు. "ఇంజన్ అదురుకి ఇక్కడే తెగుతుంది. తీసెయ్యి" అన్నాడు. తీసేశాను. ఒకసారి తీసిన తీగ మళ్ళీ వాడకూడదు కాబట్టి కొత్త ముక్క తీసుకుని మళ్ళీ కట్టాను. తర్వాత నాన్న కూర్చున్నాడు. మూడోసారికి పెద్దాయన తల ఊపాడు.

తలెత్తి చూస్తే మా చుట్టూ పాతిక మంది దాకా ఉన్నారు, అందరూ చేతివేళ్ళ గోళ్ళలో నలుపు ఉన్నవాళ్ళే. ఆ రోజు ఆ హాల్లో మా వాళ్ళు గుంపుగా కనిపించిన చోటు అదొక్కటే. మేం పనిచేసే రకం విమానం మీదే వేరే కంపెనీలో పనిచేసే ఒకతను మాటల్లో ఒక ప్యానెల్ గురించి చెప్పాడు. దాని స్క్రూల తలలు త్వరగా అరిగిపోతున్నాయట, విప్పేటప్పుడు బిట్ జారిపోయి చివరికి డ్రిల్ చేయాల్సి వస్తోందట. అదే ప్యానెల్‌తో మేం ఏడాదిగా తంటాలు పడుతున్నాం! మా దగ్గర బిట్లు పాతవైపోయాయి కాబోలు అని మేం అనుకుంటున్నాం, వాళ్ళ దగ్గర సముద్రపు గాలి వల్ల అని వాళ్ళు అనుకుంటున్నారు. తిరిగొచ్చాక ఇద్దరం మా మా ఇంజినీరింగ్ విభాగాలకి రాతపూర్వకంగా ఇచ్చాం. నాలుగేళ్ళయినా ఆ పరిచయం ఉంది, నెలకోసారైనా ఫోన్లో విమానంలో వచ్చిన ఏదో ఒక లోపం గురించి మాట్లాడుకుంటాం.

వేదిక మీద మాటలు

పెద్ద హాల్లో అదే సమయంలో సదస్సు జరుగుతోంది. పన్నుల గురించి, పెట్టుబడుల గురించి, మన దేశం మెయింటెనెన్స్ కేంద్రం కావాలనే దాని గురించి. ఇవి పనికిమాలిన మాటలని నేననను. 2020 ఏప్రిల్‌లో ఎం.ఆర్.ఓ. (మెయింటెనెన్స్, రిపేరు, ఓవర్‌హాల్) సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి తగ్గింది, 2024 జూలైలో విడిభాగాల దిగుమతి మీద పన్ను అంతటా ఒకేలా 5 శాతం చేశారు. ఇలాంటివి జరగకపోతే పెద్ద చెకప్‌లన్నీ బయటి దేశాలకే పోతాయి, మా పిల్లలకి ఇక్కడ పని ఉండదు. 2025 నవంబరులో శంషాబాద్ దగ్గర ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ వాళ్ళు లీప్ రకం విమాన ఇంజన్ల మెయింటెనెన్స్ కేంద్రం తెరిచారు. అలాంటి ఒప్పందాలు కుదరాలంటే కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ప్రభుత్వం వాళ్ళూ ఒకచోట కూర్చోవాల్సిందే. 1996లో బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శన మొదలైనా, తర్వాత బేగంపేటలో రెండేళ్ళకోసారి పౌర విమానాల ప్రదర్శన మొదలైనా, అవి ఈ పని చేస్తున్నాయి.

నా బాధంతా ఎవరిని పంపుతున్నారన్నదాని దగ్గర. మేనేజర్లు వెళ్తారు, కొనుగోళ్ళవాళ్ళు వెళ్తారు, శిక్షణ విభాగం పెద్దలు వెళ్తారు. షిఫ్టులో ఉన్నవాడికి సెలవు దొరకదు, ఎందుకంటే వాడు లేకపోతే విమానం కదలదు. వాడు లేకపోతే పని ఆగుతుందని అంత గట్టిగా తెలిసినప్పుడు, వాడి పని గురించి మాట్లాడేచోట కూడా వాడు ఉండాలని ఎందుకు అనిపించదో నాకు అర్థం కాదు. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే ఎగ్జిబిషన్‌కి వెళ్ళిన మా కొలీగ్ ఒకతను సదస్సులో కూర్చుని నిద్రపోయాడు. అలసట ఎంత ప్రమాదమో వివరిస్తున్న ప్రసంగం అది.

"అంతా మాన్యువల్లో ఉంది కదా"

మా సీనియర్ ఒకాయన, నేను చాలా గౌరవించే మనిషి, ఎగ్జిబిషన్ అంటేనే పెదవి విరుస్తాడు. "స్టాల్లో చూసిన పానా తెచ్చి విమానం మీద పెట్టగలవా? ఎవడో చెప్పిన చిట్కా వాడగలవా? మాన్యువల్లో ఏముందో అదే చెయ్యాలి, టాస్క్ కార్డులో ఏముందో అదే చేసి సైన్ చెయ్యాలి. ఇంకెందుకు నీకు ఎగ్జిబిషన్?" అంటాడు. ఈ అభ్యంతరం బలమైనది. మన ఆమోదం లేని సాధనం వాడటం తప్పే. వేరే కంపెనీ వాడు "మేమిలా చేస్తాం" అని చెప్పిన పద్ధతిని మన హ్యాంగర్లోకి మోసుకురావడం ఇంకా పెద్ద తప్పు. ఎగ్జిబిషన్ వల్ల ఇలాంటి చిట్కాలు ప్రచారమయ్యే ప్రమాదం ఉందని ఒప్పుకుంటాను.

ఆ రోజు తిరుగు రైల్లో నాన్నకి ఒక సంఘటన చెప్పాను, మనుషుల పొరపాట్ల గురించి చెప్పే మా హ్యూమన్ ఫ్యాక్టర్స్ క్లాసులో అందరికీ చెప్పేదే. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానానికి 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. ఆయన సగం శరీరం బయటికి పోయింది, లోపలున్నవాళ్ళు కాళ్ళు పట్టుకుని ఆపారు, కో పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, అందరూ బతికారు. ఆ అద్దాన్ని ముందు రోజు తెల్లవారుజామున మార్చారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికంటే సన్నవి, మిగిలిన ఆరు పొట్టివి. సన్నవాటి తేడా అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, అంతే.

"మర ఎక్కించేటప్పుడు చేతికి తెలవదా?" అన్నాడు నాన్న వెంటనే. మరల పిచ్, అంటే మరల మధ్య దూరం, రెండింటికీ ఒకటే కావడంతో పట్టినట్టే అనిపించిందని చెప్పాను. ఎలా తీశాడు ఆ బోల్టులు అని అడిగాడు. పాత బోల్టు పట్టుకెళ్ళి, సరిగ్గా వెలుతురు లేని చోట, దానికి సరిపోయేది చూసి తీశాడు, పార్ట్ నంబరు పుస్తకంలో చూడలేదు అన్నాను. నాన్న చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఎందుకో నాకు తెలుసు. ఆటోనగర్ మొత్తం నడిచేది ఆ పద్ధతి మీదే. "పాతది తీసుకురా, దానికి సరిపోయేది ఇస్తా." నాన్న ముప్ఫై ఏళ్ళు అలాగే బోల్టులు తెచ్చుకున్నాడు, అలాగే అమ్మాడు, లారీలు అలాగే నడిచాయి. వేలితో మర తడిమి సైజు చెప్పగలగడం అక్కడ మేస్త్రీతనానికి గుర్తు.

ఆ బోల్టులు మార్చిన మనిషి సోమరి కాదు, చేతకానివాడూ కాదు. మనుషులు తక్కువైతే షిఫ్టు మేనేజరే స్వయంగా కూర్చుని పని పూర్తి చేశాడు. తన అలవాటు మీద నమ్మకం పెట్టుకున్నాడు. పైగా తాను విప్పిన పాత బోల్టుల్లోనే ఎక్కువ భాగం సరైనవి కావు, అంటే పొరపాటు అంతకు ముందే విమానంలో ఉంది, అయినా ఎగురుతోంది. సరిపోయినట్టు కనిపించే తప్పు కన్నా నమ్మించేది ఏముంటుంది?

నా సీనియర్‌కి నేను చెప్పదలుచుకున్న జవాబు ఇందులోనే ఉంది. కెనడాలో గోర్డన్ డ్యూపాంట్ 1993లో మెయింటెనెన్స్ తప్పులకి కారణమయ్యే పన్నెండింటిని ఒక జాబితాగా చెప్పాడు, దాని పోస్టర్లు మా హ్యాంగర్ గోడల మీద కూడా ఉన్నాయి. అందులో ఆఖరిది, "ఇక్కడ అందరం ఇలాగే చేస్తాం" అనే అలవాటు. ఒక హ్యాంగర్లో పదిమందీ ఒకే తప్పు చేస్తుంటే అది తప్పులా కనపడదు. నా తీగ మీద గాటు ఏడేళ్ళపాటు నాకు కనపడకపోవడానికి కారణం అదే, మా షిఫ్టులో అందరి తీగల మీదా అది ఉండేది. తిరిగొచ్చిన వారంలో వెళ్ళి చూసుకున్నాను. మా ప్లయర్ల పళ్ళు అరిగి పదునెక్కాయి, మార్పించాం. మాన్యువల్లో గాటు పడకూడదని ఎప్పటి నుంచో రాసే ఉంది. నేను చదివాను కూడా. కానీ బయటి మనిషి ఒకడు నా చేతి పనిని చూసి వేలు పెట్టి చూపించే వరకు ఆ వాక్యం నా చేతిలోకి దిగలేదు. మా పని మా కంపెనీ బయటి మెకానిక్ కంట పడే అవకాశం మామూలుగా రాదు. ఎగ్జిబిషన్ ఒక్కచోటే వస్తుంది, అందుకే చిట్కాలు పాకే ప్రమాదం ఉన్నా అది కావాలంటున్నాను.

పొలం అమ్మి కట్టే ఫీజులు

నాకు ఎక్కువ భయం వేసేది శిక్షణ సంస్థల స్టాళ్ళ దగ్గర. సదస్సు రోజులు అయ్యాక మామూలు జనాన్ని రానిచ్చినప్పుడు ఇంటర్ పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు వస్తారు. పెద్ద విమానం పక్కన ఫోటో దిగి, ఆ ఊపులోనే ఒక స్టాల్లో కూర్చుంటారు. కోర్సు అయిపోగానే ఉద్యోగం అన్నట్టు మాట్లాడతారు. మా అక్కావాళ్ళకి తెలిసిన ఒక కుటుంబం, తెనాలి రోడ్డు వైపు, ఎకరం అమ్మి అబ్బాయికి ఫీజు కట్టారు. కోర్సు అయింది, మాడ్యూల్స్ సగం మిగిలాయి, లైసెన్సుకి కావాల్సిన ప్రాక్టికల్ అనుభవం ఎక్కడ సంపాదించాలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడా అబ్బాయి మొబైల్ షాపులో చేస్తున్నాడు. ఏ సంస్థ అన్నది రాయను, ఒక్క సంస్థ సంగతి కూడా కాదిది.

ఇలాంటివి చూసినప్పుడు ఎగ్జిబిషన్ల మీద నా మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. మెరుపు చూపించి పిల్లల్ని లాగడం వృత్తికి మేలెలా అవుతుంది? నిర్వాహకులు ఒక్క నిబంధన పెడితే చాలు: స్టాల్ పెట్టే ప్రతి శిక్షణ సంస్థా తమ దగ్గర చేరినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో లైసెన్సు చేతికొచ్చినవాళ్ళు ఎంతమంది అన్నది పెద్ద అక్షరాలతో ముందు రాసిపెట్టాలి. అప్పటిదాకా తల్లిదండ్రులకి నేను చెప్పేది, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ శిక్షణ సంస్థలకి ఇచ్చే సీఏఆర్-147 ఆమోదపత్రం చూపించమని అడగండి, ప్రాక్టికల్ అనుభవం ఏ హ్యాంగర్లో ఇప్పిస్తారో కాగితం మీద రాసివ్వమనండి, ఆ రోజు మాత్రం అడ్వాన్సు కట్టకండి.

గడియారం పెట్టి పోటీలా?

అమెరికాలో ఎం.ఆర్.ఓ. అమెరికాస్ అనే ప్రదర్శనతో పాటు మెకానిక్‌ల పోటీ ఒకటి జరుగుతుంది. జట్టుకి ఐదుగురు. ఎయిర్‌లైన్స్ జట్లు, మిలిటరీ జట్లు, చదువుకునే పిల్లల జట్లు అన్నీ వస్తాయి. లాక్ వైరు కట్టడం, లోపం వెతికి పట్టుకోవడం లాంటి పనులు జనం ముందు చేస్తారు, గడియారం నడుస్తూ ఉంటుంది. ఇది మొదట వీడియోలో చూసినప్పుడు నాకు నచ్చలేదు. తొందర అనేదే మా వృత్తికి శత్రువు, పైన చెప్పిన పన్నెండింటిలో ఒత్తిడి కూడా ఉంది, మళ్ళీ మనమే గడియారం పెట్టి పరుగెత్తించడమా అనిపించింది. ఆ సందేహం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కానీ ఆ వీడియోలో పోటీ కన్నా చూస్తున్నవాళ్ళ మీద నా కన్ను పడింది. మెకానిక్ పని చేస్తుంటే జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. మా పని ఎప్పుడూ రాత్రి, మూసిన తలుపుల వెనక జరుగుతుంది. బాగా చేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఇంట్లో పిల్లలకి కూడా నాన్న ఏం చేస్తాడో తెలియదు.

ఎప్పుడో మొదటి నుంచీ ఇంతే. రైట్ సోదరుల పేరు తెలియనివాళ్ళు లేరు. 1903లో వాళ్ళ విమానానికి ఇంజన్ చేసిన చార్లీ టేలర్ అనే మెకానిక్ పేరు మా క్లాసుల్లో తప్ప ఎక్కడా వినపడదు. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, చేతి పనిముట్లు, వీటితో ఆరు వారాల్లో దాదాపు 12 హార్స్ పవర్ ఇంజన్ చేసి ఇచ్చాడు. అంతకు ముందు ఆయనకి ఇంజన్ల అనుభవం దాదాపు లేదు. అమెరికాలో ఆయన పుట్టిన మే 24ని మెకానిక్‌ల రోజుగా జరుపుతారు. నాన్నకి ఈ కథ చెబితే "లేత్ ఒక్కటేనా?" అని రెండుసార్లు అడిగి, మర్నాడు ఆటోనగర్‌లో కనపడ్డ ప్రతివాడికీ చెప్పి వచ్చాడు.

లాం ఫారంలో చూసింది

ఖర్చు మాటకొస్తాను. స్టాల్ అద్దె కట్టేది అమ్ముకునేవాళ్ళు, కొననివాణ్ణి పిలిచి కుర్చీ వేస్తే వాళ్ళకేం లాభం అని అడగొచ్చు. దీనికి జవాబు నాకు విమానాల దగ్గర కాకుండా గుంటూరు దగ్గర లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దొరికింది. మా బాబాయి మిర్చి రైతు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటలు ఎలా పోయాయో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత అక్కడ జరిగిన రైతుల మేళాకి బాబాయితో నేనూ వెళ్ళాను. ఆయన పాలిథిన్ కవర్లో పూత, ఆకులు పెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆయనలాగే తెచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. శాస్త్రవేత్త కవరు తెరిచి, పూత దులిపి చూసి, ఏ మందు ఎన్నిసార్లు కొట్టావు, ఎప్పుడు కొట్టావు అని అడిగి రాసుకున్నాడు. బాబాయి ఆ రోజు ఏమీ కొనలేదు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఏది కొట్టడం మానేయాలో తెలుసుకుని వచ్చాడు. ఆ రాసుకున్న కాగితాల వల్ల శాస్త్రవేత్తకీ పొలాల్లో ఏం జరుగుతోందో తెలిసింది.

విమానాల ఎగ్జిబిషన్‌లో అలాంటి బల్ల ఒకటి ఉండాలని నా కోరిక. సాధనాలు తయారుచేసేవాడు, విడిభాగాలు తయారుచేసేవాడు ఒకవైపు కూర్చోవాలి. రెండోవైపు రోజూ వాటిని వాడేవాడు తన కవరు తెరిచి చూపించాలి, ఇదిగో ఈ స్క్రూ ఇక్కడ అరుగుతోంది, ఈ ప్యానెల్‌లోకి చెయ్యి పట్టదు, మీ మాన్యువల్లో ఈ బొమ్మ తప్పుదారి పట్టిస్తోంది అని. కంపెనీలు ఒక్కో షిఫ్టు నుంచి ఇద్దరిని, డ్యూటీ కిందే లెక్కేసి, ముందు రాత్రి నిద్రపోనిచ్చి పంపాలి. మూడు నాలుగు రోజుల ప్రదర్శనలో ఒక పూట మైకులు ఆపేసి హాలు వాళ్ళకి వదిలేయాలి. ఇది పెద్ద ఖర్చని నేననుకోను.

మన దగ్గర ఇది మొదలుపెట్టలేమా అని కూడా ఆలోచిస్తున్నాను. 2024 అక్టోబరులో మంగళగిరిలో డ్రోన్ సమ్మిట్ జరిగినప్పుడు పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి, కృష్ణ ఒడ్డున మెడలెత్తి చూసిన జనంలో మేమూ ఉన్నాం. మా అపార్ట్‌మెంట్ పిల్లలు వారం రోజులు అదే మాట. వాళ్ళలో ఒకమ్మాయి నన్ను, "అంకుల్, అన్నిట్లో ఒకటి పాడైతే ఎవరు బాగుచేస్తారు?" అని అడిగింది. ఇంత జనాన్ని పోగుచేయగలిగిన ఊళ్ళో, బాగుచేసేవాళ్ళ కోసం ఒక రోజు, ఏదో ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పది బల్లలు, పది దిమ్మలు, తీగ చుట్టలు పెట్టడానికి విమానం కూడా అక్కర్లేదు. ఆటోనగర్ మేస్త్రీలు వస్తారు, సెలవుల్లో ఇళ్ళకొచ్చిన మాలాంటివాళ్ళం వస్తాం, గన్నవరంలో పనిచేసేవాళ్ళు షిఫ్టు దిగి వస్తారు. మేస్త్రీలకి పార్ట్ నంబరు పుస్తకం ఎందుకో మేం చెప్పాలి, మర వేలికి ఎలా తెలుస్తుందో వాళ్ళు మాకు చెప్పాలి. ఇద్దరు ముగ్గురితో మాట్లాడాను, వేసవిలో చూద్దామన్నారు.

మేనల్లుడు మొన్న మంగళవారం విజయవాడ వచ్చాడు. టికెట్లు తీసుకున్నారట, నలుగురూ వెళ్తున్నారు. వాళ్ళ సార్‌కి ఏం చెప్పావురా అంటే, రైల్లో చదువుకుంటామని చెప్పాం అన్నాడు. భోజనాలయ్యాక నాన్న లోపలికెళ్ళి పాత షాపు బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, కూర్చుని తీరిగ్గా రాసి వాడి చేతికిచ్చాడు. రెండు ప్రశ్నలు. మొదటిది, టార్క్ రెంచీ కింద పడితే ఎలా తెలుస్తుంది. రెండోది, లాక్ వైరుకి గాటు పడకుండా ప్లయర్ పళ్ళకి ఏం చేస్తున్నారు. "ఎవరో ఒకరికి తెలిసి ఉంటుందిరా, తెలిసినోడు దొరికేదాకా అడుగు. చెప్పింది రాసుకుని రా" అన్నాడు. వాడు కాగితం మడిచి మాడ్యూల్ 7 పుస్తకంలో పెట్టుకున్నాడు.